తాడు తిరగేసి చదివిన రోజు

నా చిన్నప్పుడు పరీక్షల ఫలితాలు కాలినడకన వచ్చేవి. మా తాతయ్య కాళ్ళ మీద వచ్చేవి. రాసుకుంటున్నావా బిడ్డా? ఈ సంగతి మొదలుపెడితే నా నోరు ఆగదు, ఉరుకుతుంది. నీ చెయ్యి అందుకోలేకపోతే ఆపమని చెప్పు.

మా తాతయ్య చేవెళ్ళలో మగపిల్లల బడికి చప్రాసీ. గంట కొట్టేది ఆయనే, కుండల్లో నీళ్ళు నింపేది ఆయనే, బెంచీలు సర్దేది ఆయనే. నిజాం సర్కారు రోజులు అవి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగపిల్లలు వచ్చి, బడి పక్కన కొట్టంలో ఉండి చదువుకునేవారు. ఎండాకాలం పరీక్షలు కాగానే మూటలు కట్టుకుని ఇళ్ళకు పోయేవారు. ఫలితాలు తేలడానికి ఇంకో వారం పట్టేది. అప్పుడు పెద్ద పంతులుగారు పేర్ల కాగితం ఒకటి బడి గోడకు అంటించి, మా తాతయ్యను ఊళ్ళ మీదికి పంపేవారు. మొయినాబాద్ వైపు ఎంకపల్లి, హిమాయత్‌నగర్ ఒకనాడు, ఇటు ఆలూరు ఇంకోనాడు. ఆయన వస్తున్నాడంటే చాలు, రోట్లో రోకలి రోట్లోనే వదిలేసి ఆడవాళ్ళు బయటికి వచ్చేవారు.

మా తాతయ్యకు చదువు రాదు. కాగితం ఇచ్చి పంపినా చదివి చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళో ఉండాలి కదా. అందుకని ఆయన తాడు పట్టేవాడు. పంతులుగారు పేర్లు చదువుతుంటే, ఊరికొక నూలుతాడు తీసుకుని, పిల్లవాడికొక ముడి వేసుకునేవాడు. ఊళ్ళోకి పోగానే తగిలే మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా, వరుస తప్పకుండా. మామూలు ముడి ఉంటే పాసు. ముడి మీద ముడి ఉంటే అవ్వల్, అంటే బడి మొత్తానికి మొదటివాడు. ముడి బిగించకుండా ఉంగరంలా వదిలేస్తే, పాపం, ఆ పిల్లవాడు మళ్ళీ అదే జమాతులో కూర్చోవాలి. జమాతు అంటే మీరు తరగతి అంటారే, అదే.

నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. అక్షరాలు ఎవరూ నేర్పలేదు గానీ ముడులు మాత్రం టకటకా చదివేదాన్ని. ఆ ఏడు ఆలూరు తాడు కడుతున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. అయిదు ముడులు. ఒక కొసన ముడి మీద ముడి పడింది. నేను ఎగిరి గంతేశాను. అవ్వల్ ఆలూరుకు పోవడం అదే మొదలు. పైగా ఆ ఏడు అవ్వల్ వచ్చినవాడికి వజీఫా, అంటే స్కాలర్‌షిప్పు, ఉంది. పట్నంలో పెద్ద బడి, తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ సర్కారువే. ఎవరు తాతా, ఎవరు అని ఆయన ప్రాణం తీశాను. వాళ్ళింట్లోవాళ్ళు వినకముందు నీకెందుకు అని నోరు మూయించాడు. ఇంకో కొసన ఉంగరం ఉంది. అది ఎవరిదో కూడా చెప్పలేదు.

ఆలూరులో చివరి ఇల్లు, ప్రార్థన చేసుకునే గుడిసెకు ఆనుకుని ఉన్నది, ఒక తల్లీ కొడుకులది. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది. కోతలప్పుడు కొడుకునూ వెంట తీసుకుపోయేది, అందుకని వాడు సగం రోజులు బడికి రాలేదు. పరీక్షలయ్యాక కొడుకును తీసుకుపోవడానికి వచ్చి, ఆమె మా తాతయ్యతో చెప్పడం నేను విన్నాను. ఈసారి తప్పితే ఇక తన వల్ల కాదు, పటేలు బర్లకాడ పెడతానని మాట ఇచ్చేసిందట. పిల్లవాడు పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. వాడి మూట కన్నా వాడే చిన్నగా ఉన్నాడు.

మరునాడు పొద్దున్నే తాతయ్య వెంట నేనూ బయల్దేరాను. ఏడ్చి, అలిగి, ఒప్పించుకున్నాలే. దారి పొడుగునా ఆయన ఒక అడుగు వేస్తే నేను నాలుగు వేశాను. ఊరు కనబడే దాకా వచ్చాక ఆయన చెప్పు ఉంగటం, అదే వేలు దూర్చుకునే పట్టీ, తెగింది. గట్టు మీద కూర్చుని, రెండు చేతులూ కావాలి కదా, జర పట్టుకో అని తాడు నా చేతికిచ్చాడు. అంతలో ఎదురుగా బండి కట్టుకుని ఎవరో తెలిసినాయన వచ్చి ఆగాడు. ఇక మాటలు. వానలు, ఎడ్లు, బావిలో నీళ్ళు. నేను ఎంతసేపని నిలబడను? చేతిలో తాడు, కళ్ళముందు ఊరు. ఉరికాను.

ఊరి నడుమ చావడి అరుగు ఉంది. ఎక్కి నిలబడ్డాను. బడి తాడు వచ్చింది, తాడు వచ్చింది అని అరిచేసరికి జనం మూగారు. అయిదుగురు పిల్లలూ వచ్చారు. నేను తాడు ఎత్తి పట్టుకుని, మా తాతయ్య గొంతు పెట్టి, మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. మొదటిల్లు పటేలుది. పటేలు కొడుకు అవ్వల్. తరవాత ముగ్గురూ పాసు. చివరింటి పిల్లవాడు మళ్ళీ అదే జమాతు.

ఊరు గుప్పుమంది. పటేలు తల్లి బెల్లం బుట్ట తెప్పించింది. మనవడి నోట్లో ఒక ముక్క, నా నోట్లో రెండు ముక్కలు. ఎవరో డప్పు తెచ్చారు. పటేలు కొడుకు అవ్వల్ అంటే ఎవరికీ వింతగా తోచలేదు. చివరింటి పిల్లవాడు తప్పాడంటే అసలే తోచలేదు. ఎవరూ మళ్ళీ చూడమని కూడా అనలేదు. ఆ సంగతి నేను చాలా ఏళ్ళ తరవాత ఆలోచించాను. అప్పుడు మాత్రం బెల్లం చప్పరిస్తున్నాను.

ఆ తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని పటేలు వాకిట్లోకి పోయింది. వాళ్ళు ఆమె కొంగులో జొన్నలు పోశారు, పని ఒప్పుకున్నందుకు గుర్తుగా. పిల్లవాడి చేతికి ఒక కర్ర ఇచ్చారు. వాడు బర్లను తోలుకుని వాగు వైపు పోయాడు. పోతూ పోతూ నా దిక్కు ఒకసారి చూశాడు. తిట్టేవాడి చూపు కాదది, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కునేవాడి చూపు.

అప్పుడు వచ్చాడు మా తాతయ్య, ఒక చెప్పు చేతిలో పట్టుకుని కుంటుకుంటూ. డప్పు విని నవ్వుకుంటూనే వచ్చాడు. అవ్వల్ ఎవరని పాడుతున్నారో విన్నాక ఆ నవ్వు పోయింది. నన్ను అరుగు పక్కకు తీసుకుపోయి అడిగాడు.

“ఏ కొస నుంచి చదివినవ్ బిడ్డా?”

చూపించాను. ఆయన తాడు తీసుకుని రెండో కొస నా కళ్ళముందు పెట్టాడు. అది నల్లగా ఉంది.

“మొదలు కొసను దీపంల కాలుస్త. నల్లగున్నది జూడు. ఇక్కడి నుంచి చదవాలె.”

నా నోట్లో బెల్లం రాయిలా అయింది. మొదలు ఏది, చివర ఏది అని నేను అడగనే లేదు. ముడులన్నీ వచ్చు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇంటికి పోదాం తాతా, నువ్వు చెప్పు తాతా అని ఆయన ధోవతి పట్టుకుని ఏడ్చాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ముందు తానొక్కడే పటేలు వాకిట్లోకి పోయాడు. మెల్లగా, పక్కవాళ్ళకు కూడా వినబడకుండా పటేలుకు సంగతి చెప్పాడు. నేను గోడ చాటున చెవి పెట్టి వింటున్నాను. చదువులో తప్పినా పరుగుపందెంలో నీ కొడుకే ముందున్నాడని కూడా చెప్పాడు. ఉంగరం పడిన ప్రతి పిల్లవాడికీ ఆయన అలా ఏదో ఒక మంచి కబురు వెతికి పట్టుకుపోయేవాడు.

పటేలు మొహం ఎర్రబడింది. “ఊరంత బెల్లం పంచినంక చెప్తున్నవా? గీ పిల్లను ఎవలు పంపిన్రు?”

“తాడు దాని చేతికిచ్చింది నేనే పటేలా. గా తప్పు నాది. కానీ ఊరికి చెప్పింది అది. మల్ల అదే చెప్తది.”

అంతే. నన్ను తీసుకొచ్చి అదే అరుగు ఎక్కించాడు. జనం ఇంకా అక్కడే ఉన్నారు. డప్పు ఆగింది. ఇందాక అరిచిన గొంతు ఎక్కడికి పోయిందో, గాలి తప్ప ఏమీ రాలేదు. తాతయ్య నా వీపు మీద చెయ్యి పెట్టి, వంగి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు. ఇందాక ఎంత గట్టిగా చెప్పినవో గంత గట్టిగనే చెప్పాలె. మెల్లగ చెప్తె సగం ఊరికి అబద్ధమే మిగుల్తది.

చెప్పాను. తాడు తిరగేసి చదివానని చెప్పాను. అవ్వల్ చివరింటి పిల్లవాడని, వజీఫా వాడిదేనని, గొంతు చీరుకుపోయేలా చెప్పాను. మొదటింటి పేరు మాత్రం ఎత్తలేదు. తాతయ్య ఎత్తవద్దన్నాడు. ఎత్తకపోయినా అందరికీ తెలిసిపోయింది, అది వేరే సంగతి.

అప్పుడు పటేలు కొడుకు ముందుకొచ్చాడు.

“నాకెర్కే బాపు. లెక్కల కాయితం సగం తెల్లగనే ఇచ్చొచ్చిన.”

వాళ్ళ నాయనమ్మ నొసలు కొట్టుకుంది. “గందుకేనా, బెల్లం ముక్క బుగ్గల వెట్టుకొని మింగుతలేడు? నేను పన్ను నొస్తున్నదేమో అనుకున్న.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత అందరూ నవ్వేశారు, పటేలు తప్ప. ఆ నవ్వులోనే పటేలు కొడుకు వాగు వైపు పరుగు తీశాడు. పరుగుపందెంలో వాడే ముందని తాతయ్య ఎందుకన్నాడో అప్పుడు చూడాలి నువ్వు. దుమ్ము తప్ప మనిషి కనబడలేదు.

ఈలోగా ఆ తల్లి వచ్చింది. ఎవరో ఇంటికి పోయి చెప్పి ఉంటారు. జొన్నల కొంగు ఇంకా ముడి వేసే ఉంది. నా ముందు నిలబడి తల ఎత్తి చూసింది.

“ఇంకోపారి తాడు తిప్పవు గద బిడ్డా?”

తిప్పనని చెప్పాను. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. అప్పుడు కొంగు విప్పి, ఖాళీ అయిన పటేలు ఇంటి బెల్లం బుట్టలో జొన్నలు పోసింది. ఒక్క గింజ కింద పడకుండా, తొందర లేకుండా. కొంగు దులుపుకుంది. పటేలు తల్లి ఉంచుకొమ్మన్నా ఉంచుకోలేదు.

వాగు వైపు నుంచి పిల్లలిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. బర్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు. పటేలుకు గుర్తొచ్చింది. కర్ర చివరింటి పిల్లవాడి చేతిలోంచి తీసుకుని కొడుకు చేతిలో పెట్టాడు. బడి తెరిచేదాకా నువ్వే కాయి, గప్పుడన్న లెక్కలస్తయేమో అన్నాడు. కొడుకు అవ్వల్ వచ్చినంత సంబరంగా పోయాడు. డప్పు మళ్ళీ మొదలైంది. ఈసారి చివరి ఇంటి దాకా పోయింది. ఆ తల్లి గుమ్మంలో మా తాతయ్యకు చెంబుతో నీళ్ళిచ్చింది. పిల్లవాడు తాడు అడిగి తీసుకుని, తన ముడిని వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు.

వాడు పట్నం పోయాడు, చదువుకున్నాడు, పెద్ద పంతులయ్యాడు. ఆ రోజు తిరుగుదారిలో నేను తాతయ్యను ఒకటే అడిగాను, నన్ను ఎందుకు అరుగు ఎక్కించావని. ఆయన తెగిన చెప్పు నా చేతికిచ్చి మొయ్యమన్నాడు. ఊరి వరకూ మోశాను.

ఆ తరవాత నా బతుకులో నేను చాలా తప్పులు చెప్పాను బిడ్డా. నోరున్న దాన్ని కదా. మొన్న చుట్టాలందరి ముందూ మీ అమ్మ నా కళ్ళజోడు పారేసిందన్నానా, దిండు కింద దొరికిందా? తప్పు నాదని మీ అమ్మకు వంటింట్లో చెప్పి ఊరుకోవచ్చు. కానీ చుట్టాలు మళ్ళీ అన్నాలకు కూర్చునేదాకా ఆగాను. నేను లేచి నిలబడితే మీరంతా ఎందుకా అనుకున్నారు. మోకాళ్ళ నొప్పి అనుకున్నావు నువ్వు. ఈ వయసులో కూడా మొదటి మాట రాదు. తన్నుకుని తన్నుకుని వస్తుంది. వీపు మీద ఒక చెయ్యి ఉన్నట్టే ఉంటుంది, ఇక చెప్పక తప్పదు.