పొయ్యి మీది విల్లు

మా వీధి అంతటికీ పొద్దున్నే నిప్పు మా ఇంటినుంచే వెళ్ళేది. మా అమ్మ పొయ్యి ఆరనిచ్చేది కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిడక పట్టుకుని వచ్చి, దానిమీద రెండు కణికలు వేయించుకుని, నాలుగు మాటలు చెప్పుకుని పోయేవారు. నాన్న పోయాక మా ఇంట్లో మిగిలిన సందడి అదొక్కటే.

ఆ యేడు మాకు విల్లు కావలసి వచ్చింది. అంతకుముందు పంటని అడవిపందులు రెల్లు పొదల్లోంచి వచ్చి దున్నిపారేశాయి. ఇంకో పంట పోతే ఏటి ఒడ్డు పొలం వదులుకోవడమే. తుపాకీ మాబోటివాళ్ళకి ఎక్కడిది? తాతగారు వయసులో జమీందారు కోటకి కొమ్ము విల్లులు చేసిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు, చేతులు వణుకు. తాను చెబుతానన్నారు, నన్ను చెయ్యమన్నారు. అది నా మొదటి విల్లు.

వెదురు బద్ద దొడ్లోనే దొరికింది. జిగురు కాయడానికి పెద్ద చేపల పొట్టలోని గాలితిత్తులు కావాలంటే, కాట్రేనికోన వెళ్ళి జాలరులని బతిమాలి ఎండినవి తెచ్చాను. కొమ్ములే దొరకలేదు. రెండూ ఒకే పశువువి కావాలి, పొడుగ్గా ఉండాలి. అలాంటివి మా గేదెకే ఉన్నాయి. తాతగారు దాని పక్కన కూర్చుని కొమ్ములు తడుముతూ ఉండేవారు. అమ్మ చూసి పళ్ళు కొరికేది.

వేసవిలో పశువుల రోగం వచ్చింది. పెయ్యప్పటినుంచి అమ్మ చేతిమీద పెరిగిన ఆ గేదె మేత ముట్టక పడిపోయింది. కళేబరాన్ని లాక్కుపోయినవాళ్ళ దగ్గరికి తాతగారు కర్ర పట్టుకుని తానే వెళ్ళి, కొమ్ములూ వెన్ను నరాలూ అడిగి తెచ్చారు. ఆ రోజు ఆయనంటే నాకు అసహ్యం వేసింది. అయినా ఆయన చెప్పినట్టే కొమ్ము చీల్చి, గీకి, వెదురుకి లోపలివైపు అతికించాను. నరాలు దంచి, పీచు తీసి, జిగురులో ముంచి విల్లు వీపున పరిచాను.

మా సీమ చెమ్మగాలికి ఏదీ ఓ పట్టాన ఎండదు. వెచ్చదనం, పొగ ఉన్న చోటు ఇంట్లో పొయ్యి పైనే. ఆ కొమ్ములు తన కళ్ళెదుట పెట్టొద్దని అమ్మ అంది. వేరే దారి లేక అక్కడే కట్టాను. నెలల తరబడి ఆమె తల ఎత్తకుండా వాటి కిందే వండింది.

కార్తీకంలో ముసురు పట్టింది. చేలు పాలు పోసుకుంటున్న రోజుల్లో తాతగారు నిద్రలోనే పోయారు. మైల ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. పెద్దదినం దాకా నలుగురూ తెచ్చిపెట్టిందే తినాలి. పొయ్యి చల్లారిన మర్నాటికే విల్లు చెమ్మగిల్లింది. ముట్టుకుంటే జిగురు వేలికి అంటింది, ఒక అంచున నరాలు లేచాయి. లేచిన నరాల్ని అదిమి గుడ్డపేలిక చుట్టాను. శవం లేచిన ఇంట్లో విల్లు కోసం ఏడవనా?

అమ్మ తలెత్తి చూసింది. వాన చూసింది, మళ్ళీ విల్లు చూసింది. కొబ్బరి డొక్కలు తెచ్చి పొయ్యిలో పేర్చి, తాతగారు పోయిన చోట పెట్టిన దీపంనుంచి నిప్పు అంటించింది.

మాకు అన్నం తెచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేం పనమ్మా, మైల తీరకుండా పొయ్యి రాజేసేవు?”

“వంటకి కాదండి,” అంది అమ్మ. “మావయ్యగారి పని ఇంకా అవ్వలేదండి.”

ఆవిడ అన్నం గిన్నెతోనే వెనక్కి వెళ్ళిపోయింది. అమ్మ ఆ పొయ్యిని పెద్దదినం దాకా ఆరనివ్వలేదు.

పెద్దదినానికి ఎవరూ రాలేదు. వేసిన విస్తళ్ళు వేసినట్టే ఉన్నాయి. ఆ సాయంత్రం విల్లు దించి నారి ఎక్కించాను. నిలిచింది. అమ్మ దగ్గరికి వచ్చి, కొమ్ము కొసన నేను గీకకుండా వదిలిన, గేదె పలుపుతాడు ఒరిపిడి గాడిని వేలితో తడిమి, చెయ్యి తీసేసుకుంది. ఆ విల్లుతోనే పందుల్ని ఆపాను. గింజలు ఇల్లు చేరాయి, పొలం దక్కింది. నాకు సంతోషం మాత్రం వెయ్యలేదు.

నిప్పుకి మా ఇంటికి మళ్ళీ ఎవరూ రాలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే కాసిని కణికలు తీసి, బూడిద కప్పి, గుమ్మం పక్కన పెట్టేది. మధ్యాహ్నానికి అవి ఆరిపోయేవి.