వెనక్కి రానన్న పటికబెల్లం బండి

సెల్‌ఫోన్లు ఇంకా మా జేబుల్లోకి దూరని ఆ రోజుల్లో భయాలకి బోలెడంత తీరిక ఉండేది. ఇప్పుడైతే తప్పు చేసిన రెండు నిమిషాలకే ఫోనొస్తుంది, తిట్లు కూడా అయిపోతాయి, మనిషి హాయిగా అన్నం తింటాడు. అప్పుడలా కాదు. తప్పు చేసిన నాకూ తిట్టాల్సిన పెదనాన్నకీ మధ్య ఒక గూడ్సు బండి ఉండేది. అది గూడూరు వెళ్ళి, అక్కడ ఆయన రెస్టు తీసుకుని, మళ్ళీ బెజవాడ వచ్చేదాకా కూర్చుని భయపడాలి. అలా ఒక దసరాకి నేను పూర్తిగా ఒక రోజు భయపడ్డాను. (డిప్లొమా పరీక్షలకి కూడా దేనిమీదా అంత నిలకడగా కూర్చోలేదు.)

పెదనాన్న గూడ్సు డ్రైవరు. ఆయన రైల్వే క్వార్టర్సులోనే ఉండి నేను ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. ఆయన మాట్లాడేది తక్కువ. గొంతు సవరించుకుంటే మాత్రం పక్క క్వార్టరులో రేడియో ఆపేసేవారు. ఆ ఇంట్లో దేవుడి తరవాత దేవుడంతటిది ఒక బొమ్మ రైలు. మా తాతయ్య ఫైర్‌మన్‌గా చేసే రోజుల్లో, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొరగారు దాన్ని ఆయన చేతిలో పెట్టి వెళ్ళారట. జానెడు పొడవు నల్లటి ఇనప ఇంజను, రెండు రేకు వ్యాగన్లు, ఇటుకంత బరువున్న కరెంటు పెట్టె, దాని మీద బండిని నడిపేందుకు తిప్పే ఒక మర. ఏడాదంతా ఇనప బీరువాలో పడుకుని, మహర్నవమి నాడు ఆయుధపూజకి మాత్రం లేచేది. పూజగది గడప దగ్గర్నించి వరండా దాకా తిన్నగా పట్టాలు పరిచేవాళ్ళం. వ్యాగన్లలో పటికబెల్లం పోస్తే బండి హాలు దాటి వరండాలోకి వెళ్ళేది. అటూ ఇటూ కూర్చున్న క్వార్టర్సు జనం (పిల్లలూ, ముగ్గురు గార్డులూ, పంచె కట్టుకొచ్చిన ఒక స్టేషను మాస్టరు గారూ) తలో ముక్క తీసుకునేవాళ్ళు. పెదనాన్న మరని వెనక్కి తిప్పగానే బండి వెనక్కి నడుచుకుంటూ పూజగదికొచ్చి మళ్ళీ నింపుకునేది. అలా వెనక్కి రావడం పెద్దమ్మకి చాలా ముఖ్యం. "వెళ్ళిన బండి వెళ్ళినట్టే తిరిగి రావాల్రా, అంతే" అనేది. ఆవిడకి ఇలాంటివి చాలా ఉండేవి కనక నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడు అష్టమి పొద్దున్నే పెదనాన్నకి హఠాత్తుగా డ్యూటీ పడింది. బూట్లు వేసుకుంటూ, "రేపు పదింటికల్లా వచ్చేస్తాను. బండి జోలికి ఎవరూ వెళ్ళకండి" అన్నారు. ఎవరూ అన్నది బహువచనమే గానీ చూపు మాత్రం నా ఒక్కడి మీదే. ఆయన సందు మలుపు తిరిగారో లేదో, పెద్దమ్మ కూరగాయల బండి దగ్గరికి వెళ్ళిందో లేదో, నేను బీరువా తీశాను. ఎలక్ట్రికల్ చదువుతున్నవాణ్ణి. ఒకసారి టెస్టు చేసి పెడితే మెచ్చుకుంటారనుకున్నాను. (అంతకు ముందు మెచ్చుకున్న దాఖలా ఏమీ లేదు.)

ముందుకి బాగానే వెళ్ళింది. వెనక్కి మర తిప్పాను. వెనక్కి రావాల్సిన బండి, ఎవరో వెనకనించి తన్నినట్టు ముందుకి ఎగిరి దూకి, పట్టాలు దాటిపోయి, వెళ్ళి వరండా స్తంభాన్ని గుద్దుకుంది. నా గుండె కూడా ఏదో స్తంభాన్నే గుద్దుకుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ దూకింది. ప్లగ్గు తిరగేసి గుచ్చాను. (ఏసీ కరెంటుకి అది పనికిరాదని మొదటి ఏడాదే చెప్తారు. ఆ రోజు క్లాసుకి వెళ్ళలేదు.) పట్టాలు తుడిచాను. చివరికి పొగగొట్టంలోంచి నాలుగు చుక్కలు కొబ్బరినూనె పోశాను. ఈసారి వెనక్కీ రాలేదు, ముందుకీ వెళ్ళలేదు. నిలబడి, తలస్నానం చెయ్యబోయే మనిషిలా వాసన వేసింది.

ఇక ఇంజనుని తువ్వాల్లో చుట్టి, బీరువాలోనే మడతేసి ఉన్న ఒక గుడ్డసంచీలో పెట్టుకుని సిటీ బస్సెక్కాను. బెజవాడలో బతకాలనున్న ఏ మోటారైనా చేరేది ఆటోనగరే. మొదటి సందులో అడిగితే, "చిన్న మోటారా? సెల్ఫ్ భాయ్ దగ్గరికెళ్ళు" అన్నారు. లారీలని స్టార్టు చేసే సెల్ఫ్ మోటార్లు బాగుచేసే పెద్దాయన ఆయన. నవమికి ముందు రోజు కావడంతో ఆటోనగర్ మొత్తం లారీలు కడుక్కుంటోంది. భాయ్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా సంచీ కేసి చూశారు. నేనింకా తువ్వాలు విప్పనే లేదు.

"ఈసారి నువ్వొచ్చావేంటి తమ్ముడూ? డ్రైవర్ గారు ఏరీ?"

"మీకు... పెదనాన్న తెలుసా?"

"ఏటా అష్టమి నాడు వస్తారుగా, ఇదే సంచీతో." నాలుగు స్క్రూలు విప్పి లోపల చూపించారు. "ఇదిగో, ఈ బుల్లి మీట. మర వెనక్కి తిప్పితే ఒక్క దెబ్బ గట్టిగా కరెంటొచ్చి ఇది ఇటునించి అటు పడాలి. పడితే వెనక్కి నడుస్తుంది. పడలేదనుకో, ఆ దెబ్బంతా మోటారుకెళ్ళి బండి ముందుకి దూకుతుంది."

మీట చుట్టూ పచ్చగా, ఎర్రగా ఒక ముద్ద. పసుపూ, కుంకుమా. పెద్దమ్మ పోయిన దసరాకి పొగగొట్టానికీ చక్రాలకీ పెట్టిన బొట్లన్నీ రాలి అక్కడ కాపురం పెట్టాయి.

"దసరా వెళ్ళాక నెల్లాళ్ళు నాకిదే పని" అన్నారు భాయ్. "ఓనర్లు భక్తిగా సెల్ఫ్ మోటారుకీ బొట్టు పెడతారు. మర్నాడు లారీ లేవదు. ఇది మామూలే. మరి ఈ కొబ్బరినూనె ఎవరు పోశారు? ఇదే కొత్తగా ఉంది."

నేను దగ్గరలో ఉన్న టైర్లని శ్రద్ధగా చూశాను. "బొట్టు పెట్టొద్దని పెదనాన్న పెద్దమ్మకి చెప్పొచ్చుగా?"

భాయ్ పళ్ళు తోమే బ్రష్షుని పెట్రోల్లో ముంచుతూ తలెత్తారు. "నువ్వు చెప్తావా?"

నేను ఆయనిచ్చిన టీ తాగాను. సాయంత్రానికి ఇంజను మళ్ళీ బీరువాలో ఉంది.

మర్నాడు పదింటికి పెదనాన్న వచ్చారు. స్నానం చేసి, బీరువా తీసి, ఇంజనుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. పక్క క్వార్టరులో రేడియో ఆగింది. అంతే, ఇంజనుని తీసుకెళ్ళి పూజగది గడప దగ్గర పెట్టారు. ఈలోగా పెద్దమ్మ తడి పసుపు గిన్నెతో వచ్చి, నా కళ్ళముందే, భాయ్ ఒక పూటంతా కడిగిన ఇంజనుకి బొటనవేలితో ధారాళంగా పూసింది. ఒక ముద్ద జారి సరిగ్గా ఆ సందులోకే పోయింది. పెదనాన్నా నేనూ దాన్నే చూశాం.

బండి వరండాలోకి వెళ్ళింది. పటికబెల్లం అయిపోయింది. పెదనాన్న మర మీద చెయ్యి వేశారు. యాభై వ్యాగన్లు లాగే మనిషి ముందొకసారి పెద్దమ్మ వంక చూశారు. తిప్పారు. బండి కదలలేదు. జనం కదలలేదు. పెద్దమ్మ చేతిలో హారతి పళ్ళెం కూడా కదలలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. లోపల టిక్కుమని చిన్న చప్పుడు. కళ్ళు తెరిస్తే బండి వెనక్కి నడుచుకుంటూ, ఏమీ ఎరగనట్టు, పూజగదికొస్తోంది.

"చూశారా, అమ్మవారి దయ" అంది పెద్దమ్మ. స్టేషను మాస్టరు గారు చప్పట్లు కొట్టారు. పెదనాన్న వంగి వ్యాగన్లు నింపుతూ, నాకు మాత్రమే వినపడేలా, "భాయ్ టీ ఇచ్చాడా?" అన్నారు.

"ఇచ్చారండీ."

"ఊఁ. కొబ్బరినూనె తలకి రాసుకో."

సాయంత్రం పెరట్లోకి వెళ్తే పెద్దమ్మ గుడ్డసంచీని తాడు మీద ఆరేస్తోంది. "పెట్రోలు కంపు కొడుతోంది. ఏటా చెప్పకుండానే నేనే ఆరేస్తాను. మీ పెదనాన్న అలాగే మడతేసి బీరువాలో తోసేస్తాడు."

"తెలిసీ బొట్లు పెడుతున్నావా పెద్దమ్మా? దానివల్లేగా పాడవుతోంది!"

"పాడైతే బాగుచేయించుకొస్తాడు" అంది క్లిప్పు పెడుతూ. "ఆయన రోజూ ఎక్కే ఇంజను దగ్గరికి నన్ను రానివ్వరు కదరా. దేనికో దానికి పెట్టాలిగా."

ఒక్క రోజు భయానికే నేను అలా అయిపోతే, ఈవిడ ఎన్నేళ్ళుగా భయపడుతోందో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు పెదనాన్న రిటైరయ్యారు, మోకాళ్ళు ఆటోనగర్ దాకా రానంటున్నాయి. అష్టమి డ్యూటీ నాకు పడింది. పోయినేడు సంచీ తీసుకుంటూ, "ఇంకా బొట్టెందుకు పెద్దమ్మా? ఆయన ఇంట్లోనే కదా ఉంటున్నారు" అన్నాను.

"నువ్వు రోజూ గన్నవరం దాకా ఆ బైకు మీద వెళ్ళొస్తున్నావా లేదా?" అంది, నా వంక చూడకుండానే.

ఈ ఏడు అష్టమి నాడు సెల్ఫ్ భాయ్ ఇంజను విప్పి, లోపలికి తొంగి చూసి, "ఈసారి మరీ ఎక్కువ పూశారు తమ్ముడూ" అన్నారు. టీ తాగి, తిరిగొచ్చేటప్పుడు బైకు కొంచెం నెమ్మదిగానే నడిపాను.