ఉట్నూరు పొడికి పత్యం

ఉదయం ఆరున్నరకే పెద్దపల్లి స్టేషన్ చేరాం, నేనూ మా అక్క రాజవ్వా. ఏడింటి ప్యాసింజరు ఏడూ నలభైకి వచ్చింది.

ఎండ తగిలితే అక్క ముఖం, చేతులు ఎర్రబడి పొక్కులు లేస్తాయి. కరీంనగర్ డాక్టరు ఎండలోకి పోవద్దన్నాడు. సుల్తానాబాద్ దగ్గర కౌలు పొలం చేసే మనిషికి అదెలా కుదురుతుంది? నిరుడు ఆఫీసు పని మీద ఉట్నూరు వెళ్లి, అక్కడ మందులిచ్చే భీంబాయి దగ్గర ఉసిరికపొడి తెచ్చిచ్చాను. అక్క ఏడాదిగా తేనెతో మింగుతూనే ఉంది. అయినా ఈ వేసవిలో పొక్కులు ఇంకా ఎక్కువయ్యాయి. వారంలో నాట్లు. ‘నువ్వు దిగకుంటే ఇంకొకలకిస్త’ అని పొలం యజమాని చెప్పేశాడు.

రైల్లో ఎదుటి సీటావిడ ఉండబట్టలేక అడిగింది. “మొఖం గట్లైందేందక్కా?”

“ఎండ పడ్తలేదు. మందు మింగుతున్న. ఏడాదాయె, వంకాయ ముట్టలే, పుంటికూర ముట్టలే” అంది అక్క.

పుంటికూర, అదే గోంగూర, లేకుండా ఏడాది గడిపిన మనిషిని మా వైపు నేనింకొకరిని చూడలేదు.

మంచిర్యాలలో చాయ్ తాగి పదింటి బస్సు ఎక్కాం. లక్సెట్టిపేట, జన్నారం దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. ఒకటిన్నరకు ఉట్నూరులో దిగి, సద్దికట్టిన జొన్నరొట్టె తిని, జీపులో భీంబాయి గూడేనికి వెళ్లాం.

ఆమె అక్క ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. “పొడి మింగినవా?”

“మింగిన. పత్యం సుత తప్పలే. వంకాయ, పుంటికూర బంద్.”

“గవి ఎవలు చెప్పిండ్రు? ఎండల నెత్తి, మెడ, చేతులు కప్పుకోవాలె. నేను చెప్పిన పత్యం గదొక్కటే. పొడి లోపల్నుంచి జర ఆసరైతది, గంతే. ఎండను ఆపేది గుడ్డనే.”

ఆ మాట నిరుడు ఆమె నాతో అన్నది నిజమే. తిండి సంగతి కాదు కాబట్టి అది పత్యమని నాకు తోచలేదు. పత్యం లేని మందేమిటని వంకాయా పుంటికూరా నేనే చేర్చాను. పైగా, మందు మింగుతున్నావుగా, ఈ ఉక్కలో తలగుడ్డ ఎందుకని మాన్పించిందీ నేనే. చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నాలుగింటి బస్సులో కిటికీలోంచి ఎండ పడుతుంటే అక్క నా సంచిలోని పొడుగు చేతుల చొక్కా తీసి చీర మీదే తొడుక్కుంది, తలకు తువ్వాల చుట్టుకుంది. “నాట్లకు గిట్లనే దిగుత” అంది.

ఆ దారిన వెళ్లేవారికి బస్సులకు లోటు లేదు, పొడీ దొరుకుతుంది. చెప్పింది చెప్పినట్టు ఇంటికి మోసుకురావడమే కష్టం.

పెద్దపల్లిలో దిగగానే అక్క రెండు కట్టలు పుంటికూర కొంది.

“తమ్మీ, ఇగ ఏడాది దాంక గిది నువ్వు ముట్టద్దు.”

సరేనన్నాను.