చెప్పులు బయట విప్పిన గది

మా కంపెనీ అధినేత వేణు వేదిక ఎక్కితే కాళ్ళకి చెప్పులుండవు. పత్రికల అట్టల మీద కూడా ఉత్తకాళ్ళే. కొందరు దాన్ని వినయమన్నారు, కొందరు యోగమన్నారు. ఒక విదేశీ విలేకరి భారతీయ తత్వం అంటూ నాలుగు పేజీలు రాశాడు. ఏళ్ళ తరబడి ఆయన ఉపన్యాసాలు రాసేవాణ్ణి కనక నేను నోరు మెదపలేదు. కానీ ఆ ఉత్తకాళ్ళు ఎక్కడ పుట్టాయో నాకు తెలుసు. తాడేపల్లిగూడెంలో, ఒక ఏసీ గదిలో.

ఈ మధ్య ఆ కాళ్ళ మహిమ తగ్గింది. ఏఐ వచ్చాక కంపెనీలో చాలామందిని ఇంటికి పంపించారు. "పరిగెత్తలేనివాళ్ళు పక్కకి తప్పుకోవాలి" అని వేణు ఎక్కడో అన్న మాట ఊరూరా పాకింది. దాంతో ప్రచార విభాగం వాళ్ళకి ఉన్నట్టుండి ఆయన చిన్నతనం గుర్తొచ్చింది. బుధవారం సాయంత్రం ఏడింటికి పెద్ద సభ. అందులో చూపించడానికి, కంప్యూటర్ నేర్పిన గురువుగారి చేత రెండు నిమిషాలు మాట్లాడించి, ఆ వీడియో మూడింటికల్లా పంపాలి. వెనకాల కొల్లేరు ఉండాలి, పక్షులు ఉండాలి. ఆ పని నాకు అప్పగించారు, ఎందుకంటే ఆ గదిలో వేణు పక్క కుర్చీ నాదే.

మంగళవారం రాత్రి సికింద్రాబాదులో బండెక్కి, బుధవారం పొద్దున్న ఆరింటికి గూడెంలో దిగాను. స్టేషను బయట హోటల్లో నాలుగు ఇడ్లీ, అల్లం పచ్చడి, కాఫీ. అల్లం పచ్చడి నోట్లో పెట్టుకోగానే నాకు పందొమ్మిదేళ్ళు వచ్చాయి. అప్పట్లో అత్తిలి నుంచి మొదటి బస్సులో వచ్చి, ఇలాంటి హోటల్లోనే తిని క్లాసుకి పోయేవాణ్ణి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్తున్నాను, ఉల్లిపాయల మార్కెట్‌కి దారి అడగక్కర్లేదు, ముక్కు తీసుకెళ్తుంది. మా కంప్యూటర్ సెంటరు ఉన్న మేడ దాని వెనక వీధిలోనే ఉంది. పైన ఇప్పుడు ఉల్లిపాయల గోదాము. గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

"కంప్యూటర్లాండి? ఇక్కడాండి? నేనొచ్చిన కాణ్ణించీ ఉల్లిపాయలేనండి."

గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కిటికీ అదే. గోడకి ఏసీ పెట్టిన కన్నాన్ని ఇటుకలతో మూసేశారు.

ఆ రోజుల్లో కంప్యూటర్ గదంటే గుడి కిందే లెక్క. దుమ్ము పడితే మిషన్లు పాడైపోతాయని చెప్పులు మెట్ల దగ్గరే విప్పించేవారు. నేలంతా ఏలూరు తివాచీ, మాకు పాఠం చెప్పే సలీం మేస్టారి అన్నగారు నేసింది. మేస్టారు రోజూ ఏలూరు నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు. మిషన్లు తక్కువ, మేము ఎక్కువ. అందుకని ఒక్కో మిషనుకి ఇద్దరు. ఒకడి వంతు అయ్యాక, తను నేర్చుకున్నది రెండోవాడికి చూపించి కానీ కుర్చీలోంచి లేవకూడదు. ఎవడైనా లేచి చెప్పుల కోసం వెళ్తుంటే మేస్టారు గుమ్మం దగ్గర ఆపి, "పక్కవాడికి చూపించావా?" అని అడిగేవారు. ఒకసారి చెప్పులేసుకుంటే ఆ రోజుకి ఇక లోపలికి రానివ్వరు. కరెంటు పోతే అందరం ఆ తివాచీ మీద చతికిలబడేవాళ్ళం. చల్లదనం పోకుండా తలుపులు మూసుకుని, చీకట్లో మేస్టారు చెప్పే కొల్లేటి కబుర్లు వినేవాళ్ళం. కరెంటు అప్పుడే రాకూడదని మనసులో మొక్కుకున్న రోజులున్నాయి.

ఎనిమిదిన్నరకి ఏలూరు బస్సెక్కాను. పక్క సీట్లో చేపల చెరువుల రైతు. ఫోన్లో ఏదో చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు.

"ఇదీ ఏఐయేనండి. మేత ఎప్పుడు వెయ్యాలో ఇదే చెప్పుద్ది."

"బాగా పనిచేస్తుందాండి?"

"బానే చెప్పుద్దండి. కాకపోతే ఆ సంగతి చేపలకి తెలీదు కదండీ. ఆకలేసినప్పుడే తింటన్నాయి."

భీమడోలు దాటి గుండుగొలను దగ్గర బస్సు ఆగినప్పుడు నా ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి, మేస్టారు మాట్లాడవలసిన మాటల చిత్తు. రాసింది మనిషి కాదు, కంపెనీ మిషను. నా పాత ఉపన్యాసాలన్నీ మేసి పెరిగిన మిషనే, కనక శైలి నాదే. 'చెప్పులు కొనే స్తోమత లేక ఉత్తకాళ్ళతో నడిచి వచ్చిన ఆ కుర్రాడు నేటికీ మారలేదు' అని మేస్టారు అంటారట. 'ఇక్కడ కళ్ళు తుడుచుకుంటారు' అని కింద ఉంది. నేనింకా ఆయన గుమ్మం తొక్కలేదు, ఆయన ఏడవడం కూడా అయిపోయింది.

ఏలూరులో దిగి ఆటోలో వెళ్తే మేస్టారి ఇల్లు పది నిమిషాల దారి. ఆయన వాకిట్లోనే ఉన్నారు. కోటు వేసుకున్నారు, అత్తరు రాసుకున్నారు, జుట్టుకి రంగు కూడా వేయించారు. గడప ముందు చెప్పులు విప్పుతుంటే నవ్వారు.

"రావయ్యా ప్రసాదూ. అలవాటు పోలేదన్నమాట. వాడు రాలేదా?"

"సాయంత్రం సభ ఉందండి మేస్టారూ."

"అవునవును. ఎంత పెద్దవాడయ్యాడూ." ఆ మాటలో ఆయనకి ఎంత సంతోషమో. వేణు ఫోటో ఉన్న పత్రిక అట్టని అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నారు.

టీ తెచ్చింది ఆయన కూతురు షహనాజ్. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె వెనక వంకీకి కూరల సంచి వేలాడుతోంది, దాని మీద మా కంపెనీ గుర్తు. నేను దాన్నే చూస్తున్నానని ఆమెకి అర్థమైంది.

"నేనూ మీ దగ్గరే చేసేనండి, తెలుగు విభాగంలో. మిషను చెప్పిన జవాబుల్లో తప్పులు దిద్దేవాళ్ళం. అది నేర్చేసుకున్నాక మా విభాగం తీసేసేరు. పొద్దున్నే మెయిలొచ్చింది, అంతేనండి. ఇప్పుడు వట్లూరులో పిల్లలకి ట్యూషన్లు చెప్తన్నాను." కప్పు నా ముందుకి జరిపింది. "నాన్నగారి రూలు ప్రకారం నేను తప్పేం చెయ్యలేదండి. పక్కదానికి చూపించే లేచేను."

మేస్టారు గబగబా అందుకున్నారు.

"వేణుకి తెలిసుండదయ్యా. అంత పెద్ద కంపెనీ. తెలిస్తే అలా చేస్తాడా?"

ఆ నమ్మకాన్ని పట్టుకునే ఆయన ఇన్నాళ్ళూ ఆ అద్దాన్ని గోడ మీద ఉంచారు. ఇప్పుడు నేను తెచ్చిన మాటలు చదవాలంటే, ఉద్యోగం పోయిన కూతురి ఎదుట ఆయన వేణుని దీవించాలి. చిత్తు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు.

"తెలుగు శుభ్రంగా ఉంది. ఏడుపొకటి తీసెయ్. పోన్లే, చెప్పులు లేవనే చెప్తాను. వాడికి మంచి జరుగుతుందంటే నాదేం పోయింది?" అని కూతురి వైపు చూశారు.

"మీ స్టూడెంటండి నాన్నగారూ. మీ ఇష్టం," అని ఆమె ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పన్నెండింటికి ముగ్గురం ఆటోలో కైకలూరు రోడ్డు మీద కొల్లేటికి బయల్దేరాం. ఊరు దాటాక రెండువైపులా చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు. వంతెన దగ్గర దిగితే గుర్రపుడెక్క ఊదా పూలతో విరగబూసి ఉంది. దూరంగా గూడబాతులు తెల్లగా కదులుతున్నాయి. కోర్సు అయిపోయిన రోజున మేస్టారు మా అందర్నీ ఇక్కడికే తెచ్చి పడవెక్కించారు. వేణు నీళ్ళలో చెయ్యి పెట్టి, "కంప్యూటర్లతో మన ఊళ్ళో వాళ్ళందరికీ పనిప్పిస్తాను చూడరా" అన్నాడు. ఆ మాట నేను నమ్మాను. ఇప్పుడు తల్చుకున్నా, వాడు అబద్ధమాడాడని అనలేను.

మేస్టారు రెయిలింగు పక్కన నిలబడ్డారు. నేను కెమెరా పట్టాను. షహనాజ్ నా పక్కన నిలబడి, ఎండ పడకుండా కెమెరాకి తన కొంగు అడ్డం పెట్టింది. మేస్టారు ఆమె వైపు చూశారు. నేను చిత్తులో మాటలు అందించబోతే వద్దని సైగ చేశారు.

"నా పేరు సలీం. గూడెంలో కంప్యూటర్ చెప్పేవాణ్ణి. వేణు నా స్టూడెంటు. వాడికి చెప్పుల్లేవని ఎవరో రాసేరుట. భలేవారే. వాళ్ళ నాన్నగారికి ఎరువుల కొట్టు. మెట్ల దగ్గర ఉన్నవాటన్నింట్లోకీ వాడి చెప్పులే ఖరీదు. ఎవరేనా ఎత్తుకుపోతారని ఒకటి మెట్ల కింద, ఒకటి పూలకుండీ వెనక దాచేవాడు. ఓ రోజు ఎక్కడ పెట్టేడో మర్చిపోయి ఒంటి చెప్పుతో బస్సెక్కేడు."

షహనాజ్ నవ్వింది. నేను వాళ్ళింట్లో అడుగుపెట్టాక ఆమె నవ్వడం అదే మొదలు. మేస్టారు గొంతు మెత్తబడింది.

"వేణూ, బాగున్నావా నాన్నా? నువ్వు కుర్చీల్లోంచి లేపినవాళ్ళకి, తర్వాతేం చెయ్యాలో చూపించే లేపుంటావు. ఏం చూపించేవో ఓసారి చెప్పు. వాళ్ళలో మా అమ్మాయీ ఉంది, అదీ వింటాది."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకున్నది నేను.

ఒక్క ముక్క కొయ్యకుండా రెండున్నరకి వేణుకే నేరుగా పంపాను. ప్రచార విభాగం చేతికిస్తే ప్రశ్న తీసేసి నవ్వు ఉంచుతారని తెలుసు. దీనివల్ల నా కుర్చీ కూడా ఖాళీ కావచ్చని తెలుసు. ఏలూరులో కూరా అన్నం తిని, నాలుగున్నరకి ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంటే ఫోన్ వచ్చింది. చాలా ఏళ్ళుగా 'ప్రసాద్ గారూ' అంటున్న గొంతు.

"ఒరేయ్, పూలకుండీ సంగతి మేస్టారికెలా తెలుసురా?"

"అందరికీ తెలుసు."

నవ్వాడు. "ఆ తివాచీ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "తీసేసినవాళ్ళలో మేస్టారి అమ్మాయి ఉందని నాకు తెలీదురా" అన్నాడు.

"ఆ మాట మేస్టారు నీకంటే ముందే చెప్పారు."

"ఇప్పుడు ఏం చెప్పమంటావు?"

"ఈ ఒక్కటీ నేను రాయలేను వేణూ," అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

అయిదింటికి బండి వచ్చింది. బెజవాడ దాటాక, ఏడింటికి, ఫోన్లో సభ పెట్టుకున్నాను. ఎదురు సీటావిడ కూడా తొంగి చూసింది. దీపాలు వెలిగాయి, వేణు వచ్చాడు. ఆవిడే ముందు గమనించింది.

"ఏవండీ, ఈయన చెప్పులేసుకోరు కదండీ?"

నల్లటి బూట్లు, కొత్తవి. చిన్నతనం గురించి ఒక్క ముక్క లేదు. ఉత్తకాళ్ళ కథా లేదు, మేస్టారి వీడియో లేదు. మాట్లాడింది నా చిత్తూ కాదు, మిషను చిత్తూ కాదు. రెండుచోట్ల మాట మధ్యలో ఆగిపోయి, కింద బూట్ల వైపు చూసుకున్నాడు. అబద్ధం మానేశాడు. జవాబు మాత్రం చెప్పలేదు. చప్పట్లు బాగానే కొట్టారు.

ఫోన్ ఆపేసి కిటికీకి జారబడ్డాను. ఒక్క రోజు ప్రయాణంలో చూసిందల్లా ఒక గోదాము, ఒక బస్సు, ఒక ఇల్లు, ఒక చెరువుల దారి. కానీ ఒకే మిషను ముందు ఇద్దరం ఇరుక్కుని కూర్చున్న ఆ గది చల్లదనం రోజంతా నా అరికాళ్ళని వదల్లేదు. ఆ గది మళ్ళీ కావాలనిపించింది, ఉల్లిపాయలతో సహా.

అంతలో మేస్టారి ఫోన్. వెనక షహనాజ్ ఎవరో పిల్లకి లెక్క చెప్తున్న మాటలు వినిపిస్తున్నాయి. మేస్టారి గొంతులో కోపం లేదు, గుమ్మం దగ్గర నిలబడి అడిగిన పాత గొంతే.

"ఏవయ్యా ప్రసాదూ, మనవాడు బూట్లేసుకున్నాడు, చూసేవా? అంటే గదిలోంచి లేచిపోయినట్టేగా. పక్కవాళ్ళకి చూపించేడా మరి?"