దేవుడి పిడికెడు

మా పెళ్లయిన కొత్తలో బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి ముంతలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకుపోయేది. "దేవుడు మన పొయ్యికాడే ఉండాడు" అనేది. ఆమె మొగుడు రైలింజన్లో బొగ్గు వేసేవాడు; ఆ పొయ్యి దగ్గరే ఆమెను గొడ్డును బాదినట్టు బాదేవాడు. నాకు ఒళ్లు మండేది.

"మరి నిన్ను కొడతా ఉంటే ఆ దేవుడు చూస్తా కూర్చోనుండాడా అక్కా?" అని ఒకసారి అడిగేశాను. అక్క పగిలిన పెదవి తుడుచుకుంది.

ఒక మధ్యాహ్నం కేకలు విని పరుగెత్తాను. అతను అప్పటికే కట్టెతో ఆమె తల పగలగొట్టి, ముంతను తన్నబోతున్నాడు. అక్క చేతిలో అప్పుడే తీసిన పిడికెడు బియ్యం ఉంది. ఆ పిడికిలి విప్పకుండానే అతని మూతి మీద గుద్దింది. పన్ను ఊడి నేల మీద పడింది. మళ్లీ గుద్దింది. అతను గోడవారన కూలబడి ఏడ్చాడు.

అక్క రొప్పుతూ ముంత మీద పిడికిలి విప్పింది. బియ్యం నెత్తురుతో ఎర్రగా ఉన్నాయి. ఒక్క గింజ కింద పడలేదు.

"చూస్తా కూర్చోనుండాడా అని అడిగినావే" అంది నాతో. "లేసినాడు."