ఆండ్ అని పెట్టాను, ఆర్ అని ఉంది

మా నాన్న గురజాలలో సైన్స్ మాస్టారు. ఇంట్లో ఎవరైనా దెయ్యం, గాలి అంటూ మొదలుపెడితే, చూసినవాళ్ళను తన దగ్గరికి తీసుకురమ్మనేవారు. ఆ పెంపకంలో పెరిగినదాన్ని నేను. పైగా మోటార్లను నడిపించే డ్రైవులనే కరెంటు పెట్టెలకు ప్రోగ్రామ్ పెట్టడం నా పని. కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మకపోతే ఈ పని చేయలేం. ఇప్పుడు రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నాకు పని నేర్పింది కరీముల్లా బాబాయ్. నరసరావుపేటలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఆయనది. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు మాన్యువళ్ళను కూడబలుక్కుంటూ చదివి, మోటారును నడిపే డ్రైవు లోపల ఏం జరుగుతుందో మొత్తం పట్టేశారు. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో నాకు ఎక్కనిది ఆయన షాపు గచ్చు మీద సుద్దముక్కతో గీసి పది నిమిషాల్లో ఎక్కించేవారు.

"కంపారేటర్ అంటే గీత దగ్గర నిలబడ్డ కాపలావాడమ్మాయ్. దాటిందా లేదా, వాడు చెప్పేది అంతే. ఇద్దరు కాపలావాళ్ళు ఉంటే, ఇద్దరూ చెప్పాక మోటారు ఆపాలంటే ఆండ్. ఒక్కడు చెప్పినా ఆపాలంటే ఆర్. మనుషుల ప్రాణాలు ఆ ఒక్క మాట మీద ఉంటయ్."

మొన్న వానాకాలంలో మాచర్ల వైపు ఒక కంకర క్రషర్‌లో బెల్టు డ్రైవు పని వచ్చింది. నేను ఒంటరిగా ఒప్పుకున్న మొదటి పని అది. బాబాయ్ హెర్నియా ఆపరేషన్ కోసం గుంటూరు ఆసుపత్రిలో చేరారు. ఆ సమయంలో ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయనకు నా డ్రాయింగు కూడా పంపలేదు.

రెండు కంపారేటర్లు పెట్టాను. మోటారు తీసుకునే కరెంటు హద్దు దాటితే ఒకటి చెబుతుంది. బెల్టు తోక చివరి డ్రమ్ము వేగం తగ్గితే రెండోది చెబుతుంది. చిన్న చిన్నవాటికి బెల్టు ఆగిపోతుంటే క్రషర్ వాళ్ళు గొడవ చేస్తారని రెండింటినీ ఆండ్‌తో కలిపాను.

మంగళవారం సాయంత్రం సూపర్‌వైజర్ వెంకట్రావు గారి ఎదుటే పరీక్షించాను. డ్రమ్ము వేగం పడిపోయినట్టు కనిపించేలా దాని సెన్సార్ వైరు పీకాను. బెల్టు ఆగలేదు. కరెంటు పెరగలేదు కాబట్టి ఆగకూడదు కూడా. ఆయన రిపోర్టు మీద సంతకం చేశారు. డ్రైవుకు పిన్ నంబరు పెట్టి, ప్రోగ్రామ్ కాపీ లాప్‌టాప్‌లో దాచుకుని, ప్యానెల్ తాళంచెవి నా బ్యాగులో వేసుకున్నాను. బుధవారం రోజంతా వాన. క్రషర్ నడవలేదు.

గురువారం పొద్దున పది గంటలకు నేను అక్కడే మరో మోటారు చూస్తున్నాను. అక్కడ కూలి చేసే మరియమ్మత్త బెల్టు తోక చివర రాలిన కంకర ఎత్తుతోంది. బురద తీయడానికి ఆ పూట డ్రమ్ముకు అడ్డం ఉండే జాలీ విప్పి పక్కన పెట్టారు. ఆమె పార బెల్టుకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుంది. పార కర్రకు చుట్టుకుని చీర కొంగు కూడా లోపలికి పోయింది. కేక విని నేను తిరిగి చూసేసరికి బెల్టు ఆగి ఉంది.

కొంగు చినిగింది, మోచెయ్యి గీరుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఆమె కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే, ఈ అమ్మాయి పెట్టిన ప్రోగ్రామే కాపాడిందని వెంకట్రావు గారు అందరికీ చెప్పారు. నాకు గర్వంగానే అనిపించింది.

ప్యానెల్ తెరిచి డ్రైవు హిస్టరీ చూశాక ఆ గర్వం పోయింది. ఆగిన క్షణంలో కరెంటు హద్దులో సగం కూడా లేదు. వానకు తడిసిన బెల్టు, మోటారు తిప్పే ముందు డ్రమ్ము మీద జారిపోయింది, అందుకే మోటారుకు బరువు పడలేదు. నేను పెట్టిన లెక్క ప్రకారం ఆ బెల్టు ఆగకూడదు.

లాప్‌టాప్ తగిలించి, డ్రైవులో ఉన్నదాన్ని నా కాపీతో పోల్చి చూశాను. వందల వరుసల్లో ఒకే ఒక్కటి తేడా చూపించింది. నా కాపీలో ఆండ్. డ్రైవులో ఆర్.

మధ్యాహ్నం బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. అలా మార్చాలని తోచేది బాబాయ్‌కే కాబట్టి, ఆయనే ఎవరినైనా పంపించి మార్పించి ఉంటారన్నది నా అనుమానం. ఆయన మంచం మీద పడుకునే అంతా విన్నారు.

"నేను మంచం దిగలేదమ్మాయ్, ఎవర్నీ పంపలేదు. దిగినా నీ ప్రోగ్రామ్ నీకు చెప్పకుండా ముట్టుకోను" అన్నారు. ఆండ్ ఎందుకు పెట్టావని అడిగారు. నేను ఏడ్చేశాను.

ఆయన భార్య హసీనా పిన్నమ్మ పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. చేతిలో కాయ అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"నిన్న మజ్జాన్నం మత్తు దిగేటప్పుడు ఈయన 'ఆండ్ కాదమ్మాయ్, ఆర్' అని చానాసార్లు అన్నారు. నర్సు అడిగితే నాకు తెలవదన్నా. ఆర్ అంటే ఏందమ్మా?"

బాబాయ్‌కి అదేదీ గుర్తు లేదు. ఆమె ముఖం, నా ముఖం చూసి, లాప్‌టాప్ తీయమన్నారు. నా కాపీలో కూడా ఆర్ అని మార్చేదాకా ఊరుకోలేదు.

తర్వాత, మార్చకముందు నా కాపీ, డ్రైవులోంచి తీసినది, రెండు ఫైళ్ళూ డ్రైవు తయారుచేసిన కంపెనీకి పంపాను. డ్రైవులో లోపం ఏమీ లేదని, పిన్ నంబరు కొట్టి ఎవరో మార్చారని వాళ్ళు జవాబు రాశారు. ఆ నంబరు నేను ఎవరికీ చెప్పలేదు. బాబాయ్‌కి కూడా.