హోళీ నాడు పప్పును మెచ్చుకున్నదెవరు?

మా నాన్న భోంచేసేటప్పుడు మాట్లాడేవాడు కాదు. విస్తరి చుట్టూ నీళ్లు తిప్పింది మొదలు చెయ్యి కడిగేదాకా మౌనమే. నడుమ నోరు జారితే విస్తరి వదిలి లేచిపోవాలని ఆయన నియమం. ఉప్పు కావాలంటే వేలు చూపడం, చాలంటే చెయ్యి అడ్డం పెట్టడం. లేచాకైనా వంట సంగతి ఎత్తేవాడా అంటే అదీ లేదు. మా అమ్మ ఏళ్ల తరబడి ఆ వేలికే వడ్డించింది.

డెబ్బైల చివర్లో మేం ఆదోనిలో ఉండేవాళ్లం. నాన్న బడిలో సంస్కృతం చెప్పేవాడు, సాయంత్రాలు ఒక మార్వాడీ పత్తి వ్యాపారి పిల్లలకూ చెప్పేవాడు. ఒక హోళీ నాడు ఆ సేటు ఇంట్లో ఇచ్చిన బాదంపాలు గటగటా తాగి వచ్చాడు. పాలల్లో గంజాయాకు నూరిన భంగు కలిపారని ఆయనకేం తెలుసు! కాసేపటికి తీగ మీద ఆరేసిన తన పంచెను చూసి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆకలన్నాడు. పుండికూర, అదే గోంగూర, పప్పు పెట్టింది పెట్టినట్టు తింటూ, విస్తరి ముందే నోరు విప్పాడు.

"ఏమే, పుండికూర పప్పు ఇంత బాగుంటుందని ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే? నీ చేతిలో ఏముందే!"

అమ్మ వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమె అట్లా సిగ్గుపడగా నేనెప్పుడూ చూడలేదు.

తెల్లారేసరికి సంగతి బయటపడింది. నాన్న తలస్నానం చేసి, జంధ్యం మార్చుకుని, పంచగవ్యం పుచ్చుకున్నాడు. "నిన్న తిన్నది నేను కాదు, మాట్లాడింది నేను కాదు. అంతా ఆ మత్తు" అని తేల్చేశాడు. అమ్మ సరేనంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆమెకు దక్కిందే ఒక్క మెప్పు, దాన్నీ ప్రాయశ్చిత్తంలో కడిగేశాడు.

ఎనభైల చివరికి నేను ఆదోనిలోనే కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. నాన్న రిటైరై అమ్మతో ఎమ్మిగనూరులో స్థిరపడ్డాడు. ఒకరోజు లైబ్రరీలో, ఆలస్యంగా వచ్చిన విదేశీ పత్రిక తిరగేస్తుంటే ఒక వార్త కనబడింది. గంజాయి సారం పోయి అతుక్కునే చోటు ఎలుక మెదడులో దొరికిందట! నిలబడే రెండుసార్లు చదివాను. సెలవుచీటీ రాసి పడేసి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో పక్కన కూర్చున్న ముసలామె ఉండబట్టలేక అడిగింది. "ఏందమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటాండావు? పెండ్లి కుదిరిందా యేమి?"

"అంతకంటే పెద్దదే అవ్వా" అన్నాను.

నేను పోయేసరికి నాన్న అప్పుడే భోజనం మొదలుపెట్టాడు. మాట్లాడలేడు కాబట్టి ఇదే అదననుకుని, చెప్పులు విడుస్తూనే అందుకున్నాను.

"అమ్మా! భంగుకు మన మెదడులో చోటు ముందునుంచే ఉందంట. సేటు పాలు తాగుతామనా దేవుడు ఆ చోటు పెట్టింది? అట్లాంటి సరుకేదో మన ఒళ్లే తయారుచేసుకుంటా ఉండాల. ఆకలి, రుచి, నవ్వు అన్నీ దాని చేతిలోనివే అయ్యుండాల. ఆ పొద్దు పప్పు మెచ్చుకున్నది మత్తు కాదమ్మా, నాన్నే!"

శాస్త్రం ఇంకా అంతదూరం పోలేదు, సగం నా ఊహే. ఆ సరుకు తర్వాతి కాలంలో నిజంగానే దొరికింది. దానికి మన ఆనందం అనే మాటతోనే పేరు పెట్టారు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, భయం, అన్నిట్లోనూ దానికి పాలుందని తేలింది. అదేదీ తెలియకుండానే నేను ఆ రోజు ఊగిపోయాను.

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అమ్మ నా వైపు చూడలేదు.

"నీ చదువు బాగానే ఉంది గానీ తల్లీ, ఆ మెప్పు లోపల ఉండేదే అయితే మత్తు లేకుండా ఒకసారి చెప్పమను" అని గరిటెతో పప్పు వడ్డించింది.

నాన్న పప్పు కలిపాడు. తిన్నాడు. వేలు చూపిస్తాడేమో అనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు.

"బాగుందే" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుతూ, "ఆ పొద్దూ బాగుండె" అన్నాడు.

అమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. "భోజనం నడుమ మాట్లాడితిరి, నియమం తప్పింది. ఇంక లేస్తారా?" అంది.

"లేవను. ఇంకొంచెం వెయ్యి" అన్నాడు.